గడియారములపై సుంకము

విదేశమునుండి యొక గడియారము మన రేవున దిగినపుడు, దానికి సుంకమెంత యను ప్రశ్నకు ముందే మరియొక ప్రశ్న పుట్టుచున్నది: ఈ వస్తువు ఏది? గోడకు వ్రేలాడుచు, ముండ్లు త్రిప్పుచు, గంటలు కొట్టు వస్తువు గడియారము గాక మరేమగునని పాఠకులు నవ్వుకొనవచ్చును. కాని సుంకముల పట్టికలో గడియారములకై కేటాయింపబడిన 91వ అధ్యాయమున పదునాలుగు శీర్షికలు గలవు. ఏ శీర్షికక్రింద వ్రాసికొందురో ఆ శీర్షికకు నిర్ణయించిన రేటే వర్తించును. సరకు అదే, వెల అదే. పేరు మారినంతమాత్రమున ఖజానాకు చెల్లింపవలసిన సొమ్ము మారును. కావున దీనిని గుమాస్తాల కాగితములకు సంబంధించిన చిల్లర వ్యవహారమని త్రోసివేయరాదు. చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని మన రాజ్యాంగము 265వ అధికరణమున శాసించుచున్నది. పార్లమెంటు రేటును మాత్రము తేల్చి, పేరును సందిగ్ధముగా విడిచినచో, పన్ను వేయు అధికారములో పెద్దభాగము రేవుకచ్చేరీలోని బల్లవద్దకు దిగజారిపోయినట్లే.

ఈ పాఠమును భారతదేశము చాల వెల యిచ్చి నేర్చుకొన్నది. 1894లో దిగుమతి నూలుబట్టలపై నూటికి 5 వంతున సుంకము విధించిన ప్రభుత్వము, లాంకషైరు మిల్లుదారుల మొగముచూచి, మన మిల్లులలో వడికిన 20వ నంబరునకు పైబడిన నూలుపై గూడ అంతే పన్ను వేసినది. దారము సన్నదనమును కొలుచు ఆ ఒక్క అంకెయే ఏ నూలు పన్ను మోయవలయునో, ఏది మోయనక్కరలేదో తేల్చినది. 1896లో ఆ గీతను చెరిపి, దేశీయ మిల్లుబట్టలపై నూటికి మూడున్నర చొప్పున ఎక్సైజు పన్ను స్థిరపరచిరి. ఆ భారము తొలగుటకు మరి ముప్పదియేండ్లు పట్టినది. రేటునుగూర్చి సభలలో ఎంతయో చర్చ జరిగినది; కాని సరకును ఏ గీతవద్ద విభజింపవలయునన్న సంగతి నిపుణుల చేతిలో నుండిపోయినది.

గడియారముల చరిత్రయు ఇట్టిదే. 1921లో ఖజానా లోటు పూడ్చుటకై మోటారుబండ్లు, పట్టుబట్టలు, బాణసంచా మున్నగు వానితోపాటు గడియారములను గూడ విలాసవస్తువుల వరుసలో చేర్చి నూటికి 20 వంతున సుంకము వేసిరి; మరుసటి యేట ఆ వరుస రేటు 30 అయ్యెను. అప్పటికే రైలు గంటకొట్టినట్లు నడుచుచుండెను. కోర్టు గడియారముచూచి కూర్చుండుచుండెను. పాఠశాల, తపాలాకచ్చేరి, కర్మాగారము సమస్తమును నిమిషములకు కట్టుబడియుండెను. 24 నిమిషముల గడియతో, గంటల జాముతో కాలము కొలుచుకొనుచున్న గ్రామస్థుని తన నిమిషముల లెక్కలోనికి ఈడ్చిన ప్రభుత్వమే, ఆ లెక్క తెలిసికొను పరికరమును మాత్రము విలాసమని పేరిడినది. ఏ వస్తువు విలాసము, ఏది అవసరము అను తీర్పు ఒక జాబితాలోని స్థానమునుబట్టి జరిగిపోయినది.

ఇప్పటి పట్టిక అట్టి యిష్టానుసార వ్యవస్థ కాదని మొదట ఒప్పుకొనవలయును. 1983లో బ్రస్సెల్సు నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి సరకులన్నిటికిని ఆరంకెల సంకేతములు ఏర్పడినవి. ఆ ఒడంబడిక 1988 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినది. మన దేశము అంతకుముందే, 1986లో, తన సుంకముల పట్టికను ఆ పద్ధతికి మార్చుకొన్నది. మొదటి ఆరంకెలు లోకమంతటికి ఒకటే. పిదపటి రెండంకెలు మన దేశపు ఉపవిభాగములు. విదేశములోని అమ్మకందారుడు, విశాఖపట్టణములోని కొనుగోలుదారుడు ఒకే అంకెతో ఒకే సరకును గుర్తింపగలుగుట వర్తకమునకు గొప్ప యుపకారమే.

ఆ పట్టికలో గడియారముల వరుస ఎట్లున్నదో చూతము. కేసు పూర్తిగా బంగారము, వెండి మున్నగు అమూల్యలోహములతోగాని, అట్టి లోహము తొడిగిన లోహముతోగాని చేయబడిన చేతిగడియారములు, జేబుగడియారములు 9101 శీర్షికలో చేరును. తక్కిన చేతిగడియారములు 9102లో. ఉక్కుకేసుపై బంగారుతీగ పొదిగినంతమాత్రమున అది బంగారుగడియారము కాజాలదు, అది 9102లోనిదే. చేతిగడియారపు యంత్రము నమర్చిన బల్లగడియారములు 9103. మోటారుబండి, విమానము, ఓడల పలకలపై బిగించునవి 9104. తక్కిన గోడగడియారములు, అలారము గడియారములు 9105. కర్మాగారములో కూలీల రాకపోకలు గుర్తించునవి 9106. ఏ వేళకు దీపము వెలుగవలయునో ఆ వేళకు మీట నొక్కునవి 9107. అటుపై బిగించిన యంత్రములు, బిగింపని యంత్రములు, కేసులు, పట్టీలు, విడిభాగములు వేరువేరు శీర్షికలలో నున్నవి.

ఇక్కడనే చిక్కులు మొదలగును. చేతిగడియారపు యంత్ర మనగా నేమి? చేతికి కట్టుకొనునది యని లోకము చెప్పును. పట్టిక చెప్పునది వేరు: మందము 12 మిల్లీమీటర్లకును, పొడవు, వెడల్పు లేక వ్యాసము 50 మిల్లీమీటర్లకును మించనిది. మన యిండ్ల గోడలపై బ్యాటరీతో నడుచు సామాన్యపు గడియారము వెనుక నున్న నల్లని పెట్టె సుమారు 56 మిల్లీమీటర్ల చతురస్రము. కావున అది 9105లోనికి పోవును. అంతకంటె చిన్న యంత్రము నమర్చినచో, ముఖము గంపెడున్నను, గడియారము 9103లోనికి మారును. గోడకు వ్రేలాడునది గోడగడియారమన్న మన యనుభవజ్ఞానము రేవులో చెల్లదు. కొలబద్ద చెప్పినదే చెల్లును.

భాగముల సంగతి మరియు విచిత్రము. గడియారపు అద్దము గాజుసామానుల అధ్యాయమునకు పోవును. లోలకపు గడియారములో వ్రేలాడు బరువు ఏ లోహముతో చేసిరో ఆ లోహపు వరుసలో చేరును. సామాన్యపు మరమేకు ఇనుపసామానులలోనికి పోవును. కాని స్ప్రింగు మాత్రము గడియారపు భాగముగనే నిలుచును. పట్టీ తోలుదైనను లోహముదైనను గడియారముల అధ్యాయమునందే యుండును. జేబుగడియారపు గొలుసు నగలలో కలియును. రేడియోయు గడియారమును ఒకే పెట్టెలో నున్నచో అది 8527వ శీర్షికక్రింద రేడియో యగును. ప్రతి నియమమునకును ఏదో యొక హేతువు గలదు; కాని ఆ హేతువులన్నియు పట్టిక ముందున్న వ్యాఖ్యలలో దాగియున్నవి. వానిని చదువక శీర్షికను మాత్రము చూచిన వర్తకుడు పొరపడుట నిశ్చయము.

వీనిపైన సాధారణ సూత్రములు మరి ఆరు గలవు. వానిలో రెండవది చాల ముఖ్యమైనది: అసంపూర్ణమైన సరకైనను సంపూర్ణ వస్తువుయొక్క ముఖ్యలక్షణము కలిగియుండినచో సంపూర్ణ వస్తువుగనే యెంచవలయును, విప్పి పెట్టెలో పెట్టి తెచ్చిన వస్తువును బిగించిన వస్తువుగనే లెక్కింపవలయును. కావున కేసు, యంత్రము, ముఖము, ముండ్లు ఒకే పెట్టెలో దిగినచో, భాగములు తెచ్చితినని వర్తకుడు చెప్పినను, గడియారము తెచ్చితివని అధికారి యనును. అవే వేరువేరు ఓడలలో, వేరువేరు నెలలలో దిగినచో భాగములు భాగములుగనే యుండును. రెండు శీర్షికలకును సరిపోవు సరకైనచో, మరింత నిర్దిష్టముగా చెప్పిన శీర్షికను గ్రహింపవలయు నని మూడవ సూత్రము. అదియు తెగనిచో ముఖ్యలక్షణమును బట్టి. అదియు తెగనిచో అంకెల వరుసలో చివర వచ్చు శీర్షికను బట్టి తీర్పు. న్యాయశాస్త్రము, వ్యాకరణము రెండును చదివిన పండితునికి ఇందు వినోదము గలదు. పెట్టుబడి వడ్డీకి తెచ్చి, సరకు రేవులో నిలిచి అద్దె పెరుగుచున్న వర్తకునికి వినోదము లేదు.

జాబితాలోని యొక గీత యేపాటి పని చేయగలదో అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర చూపుచున్నది. 1930 సంవత్సరపు టారిఫ్ చట్టము చేతిగడియారపు యంత్రములకు జ్యూయెల్సు లెక్కను బట్టి, అనగా ఇరుసులు అరుగకుండ అమర్చు రాళ్ల సంఖ్యను బట్టి, సుంకము నిర్ణయించినది. 17 రాళ్లకు మించిన ప్రతి యంత్రమునకును 10 డాలర్ల 75 సెంట్లు. ఫలితమేమి? స్విట్జర్లాండు కర్మాగారములు ఆ దేశమునకు పంపు గడియారములలో 17 రాళ్లవద్దనే ఆగినవి. శీతోష్ణములకు, వేర్వేరు భంగిమలకు సరిచూచి దిద్దిన యంత్రములకు ఒక్కొక్క దిద్దుబాటునకును అదనపు సుంకము గలదు. కావున మంచి యంత్రముపైన గూడ దిద్దనిది యను ముద్ర వేసి పంపసాగిరి. తక్కువ రాళ్లతో తెచ్చి, దేశములోపల రాళ్లు చేర్చువారును బయలుదేరిరి. సరకుయొక్క గుణమును సుంకపు పట్టిక తీర్చిదిద్దినది గాని, గుణమును బట్టి పట్టిక నడువలేదు.

అంతతో ముగియలేదు. 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు దేశీయ గడియార పరిశ్రమ రక్షణకై ఆ సుంకములను హెచ్చించెను. 1967లో అధ్యక్షుడు జాన్సను ఆ హెచ్చింపును రద్దుచేసెను. ఈ నడుమ మరియొక ద్వారము తెరచుకొన్నది. అమెరికా యధీనములోని ద్వీపములలో తయారైన సరకు, అందలి విదేశీయ వస్తువుల విలువ నిర్ణీత పరిమితిని మించనిచో, సుంకములేకయే ప్రవేశింపవచ్చునన్న నియమమును బట్టి, 1959 మొదలు వర్జిన్ దీవులలో గడియారములు బిగించు పరిశ్రమ పుట్టినది. దాని యుధృతిని అరికట్టుటకు 1966లో పరిమితులు విధింపవలసి వచ్చినది. గడియారముల పనితనము తరతరములుగా ఎరుగని దీవియందు ఒక వాక్యము కర్మాగారములను మొలిపించినది.

మన దేశమునకు వత్తము. స్వాతంత్ర్యానంతరము గడియారము మనకు స్వదేశీ పరిశ్రమయు నైనది. జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో హెచ్.ఎం.టి. 1961లో బెంగుళూరున చేతిగడియారముల తయారీ ప్రారంభించినది. 1980ల దశాబ్దమున హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానీ సెయికో సహకారముతో గడియారములు చేసి తెలుగునాట ప్రతి పట్టణమున అమ్మినది. అదే దశాబ్దమున టైటాన్ హోసూరులో వెలసినది. గుజరాతులోని మోర్బీ గోడగడియారములకు ప్రసిద్ధిగాంచినది. ఆల్విన్ గడియారము ఇప్పుడు జ్ఞాపకమే; హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించినది. వీని పతనమునకు కారణములు పెక్కు. వానినన్నిటిని సుంకముల పట్టికపై మోపుట న్యాయము కాదు. కాని ఒక సంగతి మరువరాదు. పూర్వము దిగుమతులను పరిమాణ నిర్బంధములు, లైసెన్సులు ఆపుచుండెడివి. 2001 ఏప్రిల్ 1వ తేదీతో మిగిలిన పరిమాణ నిర్బంధములు చాలవరకు తొలగినపిదప సుంకమే ప్రధానమైన కంచెగా నిలిచినది. కంచె ఒక్కటే యైనపుడు ఆ కంచెలోని సందులు ఎవరికి తెలియునో వారిదే లాభము.

ఇందు అసలు పందెము పనివాని అన్నము. పూర్తిగడియారముపై ఎంత సుంకమో యంత్రముపైనను, ముండ్లపైనను, కేసుపైనను అంతే సుంకమున్నచో, భాగములు తెప్పించి ఇక్కడ బిగించు చిన్న కర్మాగారమునకు రక్షణ యేమియు లేదు. భాగముల సుంకము పూర్తివస్తువు సుంకమునకంటె ఎక్కువైనచో మన పరిశ్రమకు మనమే దండన విధించినట్లగును. నూరు రూపాయల గడియారములో అరువది రూపాయల భాగములు విదేశీయములనుకొందము. రెంటిపైనను నూటికి ఇరువది చొప్పున సుంకమున్నచో దేశీయునకు పండ్రెండు, విదేశీయునకు ఇరువది. తేడా ఎనిమిది రూపాయలు. భాగముల రేటు నూటికి ముప్పదినాలుగైనచో ఆ ఎనిమిదియు ఆవిరియగును. ఇట్టి లెక్కలో ఒక స్ప్రింగు గడియారపు భాగమా, ఇనుపసామానా అను వివాదము కేవలము శబ్దవివాదము కాదు. దానిపై కొన్ని కుటుంబముల జీవనము ఆధారపడియున్నది. పట్టణములలో గడియారముల మరమ్మతుచేయు పనివారు ఒక బ్యాటరీకి, ఒక పట్టీకి, ఒక యంత్రమునకు చెల్లించు వెలలో గూడ ఈ సుంకపు పాలు గలదు.

క్రొత్త సరకులు వచ్చినకొలది చిక్కు హెచ్చుచున్నది. మణికట్టుకు కట్టుకొని, వేళ చూపుచు, టెలిఫోనుతో మాటలాడుచు, నాడి కొట్టుకొనుట లెక్కించు స్మార్టువాచీ గడియారమా, వార్తాయంత్రమా? ప్రపంచ కస్టమ్సు సంస్థ వానిని 8517వ శీర్షికలో, అనగా సమాచారమును పంపుచు అందుకొను యంత్రముల వరుసలో చేర్చినది. దానికి ముఖ్యలక్షణము వేళ చూపుట కాదన్న భావన సమంజసమే. మన ప్రభుత్వము 2018 సంవత్సరపు బడ్జెటులో చేతిగడియారములపైనను, గోడ, అలారము గడియారములపైనను మూలసుంకమును నూటికి 10నుండి 20కి హెచ్చించినపుడు స్మార్టువాచీలపై గూడ అట్లే 10నుండి 20కి హెచ్చించినది. ఆ రెంటికిని రేటు ఒకటే యైనపుడు పేరునుగూర్చి పోరాడువా రెవరు? హెచ్చింపు మంచిదా చెడ్డదా అను చర్చ వేరు. కాని పొరుగు సరకులకు సమానమైన రేటు వివాదమును ఎండగట్టునన్న సత్యము అందు స్పష్టముగా కానవచ్చినది.

మరియొక భారము వర్తకునిపై గలదు. 2011 నుండి దిగుమతిదారుడే తన సరకును తాను వర్గీకరించి సుంకము లెక్కగట్టవలయును. పిదప అధికారి దానిని పరిశీలించి, తప్పని తోచినచో బకాయి, వడ్డీ, అపరాధపు రుసుము అడుగును. స్వయముగా వర్గీకరించు స్వాతంత్ర్య మిచ్చుట మంచిదే. కాని శాస్త్రజ్ఞులే విభేదించు ప్రశ్నలో పొరపడిన వర్తకుని దొంగవలె చూచినచో ఆ స్వాతంత్ర్యము ఉరిత్రాడగును. 1962 సంవత్సరపు కస్టమ్సు చట్టములోని 123వ సెక్షను ఈ దృష్టికి జ్ఞాపకచిహ్నము. దొంగరవాణా సరకని సహేతుకముగా నమ్మి పట్టుకొన్నచో, అట్లు కాదని ఋజువుచేయు భారము పట్టుబడినవానిదే యని ఆ సెక్షను చెప్పుచున్నది. అది వర్తించు సరకులలో బంగారముతోపాటు చేతిగడియారముల పేరును చట్టములోనే వ్రాసియుంచిరి. విదేశీ గడియారము గుట్టుగా చేతులు మారిన కాలములో దానికి కారణముండెను. నేడు బజారున ఎల్లయెడల చవుకగా దొరకు వస్తువును బంగారము పంక్తిలో కూర్చుండబెట్టుటకు కారణమేమి?

ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. నియమములు సడలించినచో మోసగాండ్రు పూర్తిగడియారములను భాగములుగా వ్రాసి తెచ్చి ఖజానాను కొల్లగొట్టుదురని అధికారు లందురు. అది నిజమే. మోసగాడు ముందుగా ముంచునది సక్రమముగా సుంకము చెల్లించు వర్తకునే యని మేమును ఎరుగుదుము. న్యాయస్థానములును రెండు దారులు చూపినవి. సరకునకు వర్తకలోకము ఏ యర్థము నిచ్చునో దానినే గ్రహింపవలయునని సుప్రీంకోర్టు 1975లో డన్‌లప్ కేసులో చెప్పినది. అంతర్జాతీయ వర్గీకరణమే నమ్మదగిన మార్గదర్శకమని 1995లో వుడ్‌క్రాఫ్టు కేసులో చెప్పినది. రెండును సందర్భమును బట్టి యుచితములే. కాని రెంటి నడుమ నిలిచిన వర్తకునికి దారిచూపువారు కావలయును. మోసమునకు మందు కఠినశిక్ష; అస్పష్టతకు మందు స్పష్టత. ఒకదాని మందు రెండవదానికి వేయుట వైద్యము కాదు.

కావున మేము కోరునది ఇది. మొదటిది, ఒకే పనికి వచ్చు పొరుగు సరకులకు రేట్లు సాధ్యమైనంతవరకు సమానముగా నుండవలయును. 9103కును 9105కును నడుమ కొలబద్దకు వెల కట్టరాదు. రెండవది, ముడిసరకు, భాగము, యంత్రము, పూర్తిగడియారము అను నాలుగు మెట్లలో రేటు క్రిందినుండి పైకి పోవలయునే గాని పైనుండి క్రిందికి దిగరాదు. మూడవది, ముందస్తు తీర్పులిచ్చు అధికారసంస్థలు ఢిల్లీలోను ముంబయిలోను 2021నుండి పనిచేయుచున్నవి. వాని తీర్పు అడిగినవానికి మాత్రమే వర్తించును. ఆ తీర్పుల సారమును శీర్షికల వారీగా కూర్చి, ఇంగ్లీషుతోపాటు తెలుగు మున్నగు దేశభాషలలో ప్రకటింపవలయును. కాకినాడ వర్తకుడు న్యాయవాది గుమ్మము త్రొక్కకుండ తన సరకు పేరును తాను తెలిసికొనగలుగవలయును. నాలుగవది, సరకును దాచక, వెలను దాచక, పేరులో మాత్రము విభేదించినవానిపై బకాయిని వసూలు చేయుడు. అపరాధపు రుసుము వేయకుడు. ఐదవది, 123వ సెక్షనులో చేతిగడియారముల పేరు ఇంకను ఉండవలయునా యను ప్రశ్నను పార్లమెంటు చర్చింపవలయును.

ఇవి విప్లవకరములైన కోరికలు కావు. ఖజానాకు వీనివలన కలుగు నష్టము స్వల్పము. వ్యాజ్యములు తగ్గుటచే కలుగు లాభము అధికము. భూస్వామికి తన పొలము మెరకో పల్లమో తెలిసినపుడే శిస్తు న్యాయమో అన్యాయమో తెలియును. తరము కట్టువాడు గట్టుమీద నిలిచి, రైతు ఎదుట, ఈ నేల ఈ తరగతిది, ఈ కారణమున అని చెప్పవలయునని మన రైతులు తరతరములుగా అడుగుచు వచ్చిరి. రేవులో దిగిన సరకునకును అదే న్యాయము. పన్ను కట్టుటకు ప్రజ సిద్ధముగా నున్నది. ఏ పేరున, ఏ కారణమున కట్టుచున్నదో తేటతెల్లముగా చెప్పు బాధ్యత ప్రభుత్వమునది.